దగోబెర్తో పూడ్చిన అకార్డియన్

ఫ్యాక్టరీ నుంచి కొత్తగా వచ్చిన అకార్డియన్‌ను దగోబెర్తో అకార్డియన్ అనడు, డబ్బా అంటాడు. జర్మనీ వాళ్ళు చేసి పంపింది వాళ్ళ పాటలకు సరిపోతుందేమో గాని, తమ ఊరు వాయెదుపార్ పాటకు పనికిరాదని ఆయన వాదన. దాన్ని విప్పి, లోపల స్వరాలు పలికే రీడ్లను ఒక్కొక్కటే ఆకురాయితో రాసి, చెవి దగ్గర పెట్టుకుని మీటి, మళ్ళీ రాసి, వారం రోజులకు అప్పగిస్తాడు. అప్పటికి గాని దానికి ఆయన దగ్గర పేరు రాదు. యంత్రం పెట్టి శ్రుతి చూసుకునేవాళ్ళంటే ఆయనకు ఒళ్ళు మంట.

నలభై ఆరేళ్ళుగా అదే పని. వీధిలో నడుస్తూ, ఏ ఇంట్లో మోగుతున్న అకార్డియన్ ఎవరిదో, తాను దాన్ని ఏ ఏడు బాగుచేశాడో చెప్పేస్తాడు. పెళ్ళాం నిదియా పిలుపు మాత్రం మూడోసారికి గాని ఆ చెవికి వినపడదు.

ఆయన ప్రాణ స్నేహితుడు రెయినెల్. రెయినెల్ కొడుక్కి జ్ఞానస్నానం చేయించినప్పుడు జ్ఞానతండ్రిగా నిలబడింది దగోబెర్తోనే, ఆనాటి నుంచి ఇద్దరూ ఒకరినొకరు బావా అనుకునేవారు. రెయినెల్ పెళ్ళిళ్ళలో, పండగల్లో అకార్డియన్ వాయించేవాడు. అతని కోసం దగోబెర్తో మనసుపెట్టి ఒకటి తయారుచేశాడు. పాత చర్చి హార్మోనియంలోంచి తీసిన ఒక రీడును దాని ఎడమచేతి వైపు అమర్చాడు. ఆ మీట నొక్కితే బొంగురుగా ఒక మూలుగు వచ్చేది. ఇంకే అకార్డియన్‌లోనూ అలాంటి గొంతు లేదు.

రెయినెల్ చనిపోయే ముందు చెయ్యి పట్టుకున్నాడు. "బావా, దీన్ని నా తర్వాత ఇంకెవడూ వాయించకూడదు. నాతోపాటే పూడ్చెయ్. ఒట్టెయ్" అన్నాడు. దగోబెర్తో ఒట్టేశాడు. తన పనితనమంతా పోసి చేసినదాన్ని తన చేతుల్తోనే శవపేటికలో, రెయినెల్ కాళ్ళ దగ్గర పెట్టి దుప్పటి కప్పాడు. ఇది జరిగి పదకొండేళ్ళు. బతుకులో తాను చేసిన నికార్సైన పని ఇదొక్కటేనని ఆయన గట్టి నమ్మకం.

అలాంటిది, ఆ ఏడు మయామీలో జరిగిన బహుమతుల పండగ ఆయన నెత్తిన పిడుగు వేసింది.

లాటిన్ పాటలన్నింటికీ కలిపి ఇచ్చే ఆ బహుమతుల్ని టీవీలో చూడటం వీధి మొత్తానికి అలవాటే. కాకపోతే వాయెదుపార్ పాట వంతు ఏటా కెమెరాలు రాకముందే, మధ్యాహ్నం పూటే తేల్చేసి పంపేసేవారు. ఈసారి మైకావో ఊరి కుర్రాడు ఎల్కిన్ వేదిక మీద, అందరూ చూస్తుండగా అకార్డియన్ వాయిస్తాడన్నారు. నిదియా టీవీని అరుగు వైపు తిప్పింది. ఇరుగుపొరుగు తోలు పీటలు తెచ్చుకుని, ఉడికించిన కర్రపెండలం తింటూ కూర్చున్నారు.

"ఆ పిల్ల గౌనుకి గుడ్డ చాల్లేదే పాపం!" అంది ఒకావిడ.

"నువ్వు వేసుకుంటే ఆ గుడ్డ నీ వీపుక్కూడా చాలదులే" అంది నిదియా. అందరూ పగలబడి నవ్వారు.

ఎల్కిన్ వచ్చాడు. మెడలో నీలం రంగు అకార్డియన్. కుడిచెయ్యి పరుగు అందుకుంది. తరవాత ఎడమచెయ్యి మీట నొక్కింది.

దగోబెర్తో లేచి నిలబడ్డాడు. పీట వెనక్కి పడింది.

"ఏమయ్యా, ఏమైంది?"

"అది రెయినెల్‌ది."

"ఏది?"

"ఆ అకార్డియన్!"

"నీకు మతి పోయింది. రెయినెల్‌ది నల్లది కదయ్యా. ఇది నీలం."

"రంగుతో నాకేం పనే! ఆ బొంగురు వినపడటం లేదూ? ఆ రీడు నేను పెట్టింది. నేను పూడ్చింది!"

నిదియా నవ్వు ఆగిపోయింది. శిలువ గుర్తు వేసుకుంది. దగోబెర్తో కూర్చోలేడు, వెళ్ళిపోలేడు. ఆఖరి స్వరం దాకా నిలబడే విన్నాడు. ఎల్కిన్‌కి బహుమతి వచ్చిందని వీధంతా కేకలు పెట్టింది. ఆయనకు అదేమీ చెవికెక్కలేదు.

తెల్లవారగానే శ్మశానానికి పరుగెత్తాడు. రెయినెల్ సమాధి మీద పలక చెక్కుచెదరలేదు. సిమెంటు తడిగా ఉన్నప్పుడు తాను గీసిన అక్షరాలు అలాగే ఉన్నాయి. దొంగలు తవ్వలేదు. మరి ఎలా? అక్కణ్ణుంచి నేరుగా రెయినెల్ భార్య ఉబాల్ద ఇంటికి వెళ్ళాడు. ఆమె గుమ్మంలో కూర్చుని పచ్చి కందికాయలు వలుస్తోంది.

"చెల్లెమ్మా, రెయినెల్ శవపేటిక ఎవరు తెరిచారు?"

"టీవీ చూశావన్నమాట" అంది ఉబాల్ద, చెయ్యి ఆపకుండా. "నేనే తెరిచాను అన్నయ్యా. శవ జాగారం నాటి తెల్లవారుజామున, మీరంతా పెరట్లో కాఫీలు తాగుతుంటే."



"నువ్వా? నేను మోశానే పేటికని! బరువు తగ్గితే తెలిసేది కాదా?"

"తగ్గితే కదా. దాని బదులు నా బొగ్గుల ఇస్త్రీ పెట్టె పెట్టాను. ముప్పై ఏళ్ళు ఆయన తెల్ల చొక్కాలు దాంతోనే రుద్దాను. నాదంటూ ఒకటి ఆయనతో వెళ్ళొద్దూ? ఆ అకార్డియన్ నా సవతి అన్నయ్యా. బతికినన్నాళ్ళూ నా మంచం మీదే పడుకుంది. చచ్చాక కూడా దాన్నే పక్కలో వేసి పంపమంటావా? మైకావోలో చర్చి సిస్టర్లు పిల్లలకి పాటలు నేర్పే బడికి ఇచ్చేశాను. ఈ ఎల్కిన్ అక్కడే నేర్చుకున్నాడు. రంగు వాళ్ళు వేసుకున్నదే అయ్యుంటుంది."

"చచ్చేవాడి చెయ్యి పట్టుకుని ఒట్టేశానే! పదకొండేళ్ళు మాట నిలబెట్టుకున్నానని తలెత్తుకు తిరిగానే!"

"వేసింది నువ్వు. నన్నెవరూ అడగలేదు."

ఆయన కోపంగా వెనుదిరిగాడు. ఆమె గిన్నె పక్కన పెట్టింది.

"ఒకటి అడుగుతాను, చెప్తావా? ఆ కుర్రాడు వాయించబోతుంటే నేను టీవీ కట్టేశాను. వినడానికి ధైర్యం చాల్లేదు. ఎలా మోగింది?"

బాగాలేదని చెప్పాలని వచ్చింది నోటిదాకా. కానీ శ్రుతి విషయంలో దగోబెర్తో ఎన్నడూ అబద్ధం చెప్పి ఎరగడు. పైగా రాత్రంతా ఆయనకు కునుకు పట్టనివ్వనిది ఒట్టు ఒక్కటే కాదు.

"రెయినెల్ చేతిలో ఎన్నడూ అలా మోగలేదు చెల్లెమ్మా. నేను చేసింది అంత గొప్పదని నాకే తెలీదు."

ఆ మాట అన్నాక స్నేహితుణ్ణి తానే ఇంకోసారి చంపినట్టు భయమేసింది.

ఉబాల్ద అదిరిపడలేదు. "ఆయన వేళ్ళు ఎంతవరకు పోతాయో నాకు పెళ్ళైన ఏడాదే తెలుసు. నువ్వేమో ఆయనతో 'నీ అంతవాడు లేడు బావా' అనేవాడివి పొద్దస్తమానం. నేనూ అవుననేదాన్ని."

"తన వేళ్ళ సంగతి వాడికీ తెలుసంటావా?"

"తెలియకపోతే పూడ్చమని ఎందుకంటాడు అన్నయ్యా?"