జర ఎక్కువ చదువుకున్న డూప్లికేటు

ఆర్మూరు మార్కెట్ యార్డులో కాంటా వేసే నడిపయ్యకు పద్నాలుగు చేతులుండేవి. ఒక్కో చేతికి ఒక్కో రాడో గడియారం. పద్నాలుగూ బంగారు రంగువే, పద్నాలుగూ నకిలీవే.

ఇందులో చిన్న సవరణ ఉంది. చేతులు రెండే. గడియారాలు కూడా పద్నాలుగు ఉండకపోవచ్చు గానీ పదకొండుకు తగ్గవు. ఎడమ చేతికి నాలుగు, కుడి చేతికి మూడు, చోటు దొరకనివి చొక్కా జేబులో. నకిలీవన్నది మాత్రం ఆయనే యార్డంతా తిరిగి చెప్పుకునే సంగతి.

"అసలు గడియారంల ఏమున్నదిరా? కంపెనోడు చేసిండు, నడుస్తది. డూప్లికేటును నడిపియ్యాలె, గప్పుడు మొగోడు" అనేవాడు.

ఎనభైల నాటి మాట. బాల్కొండ దిక్కు, నందిపేట్ దిక్కు ఏ ఊళ్లో చూసినా ఇంటికొకరు గల్ఫులో ఉండేవారు. సెలవు మీద వచ్చేవాడు ఒక కంబళి, ఒక టేపురికార్డరు, ఒక రాడో గడియారం తెచ్చేవాడు. కంబళి అసలుదే, టేపురికార్డరు అసలుదే. గడియారం మాత్రం పదింటికి తొమ్మిది అక్కడి ఫుట్‌పాత్ మీద కొన్నవి. మూడు నెలలు మెరిసేవి, నాలుగో నెల ఆగిపోయేవి. అప్పుడు వాటిని నడిపయ్య తీసుకుని, బదులుగా నడుస్తున్న మామూలు గడియారం ఒకటి చేతిలో పెట్టేవాడు. చచ్చినదాన్ని తీసుకుని బతికినదాన్ని ఇచ్చే బేరగాణ్ణి యార్డు అంతకుముందు చూడలేదు.

తెచ్చుకున్నాక వాటికి అలంకారం మొదలయ్యేది. దీని ముల్లు దానికి, దాని పట్టీ దీనికి. గిల్టు పోయిన చోట పోయిందని ఎవరికీ తెలిసేది కాదు, ఎందుకంటే కాంటా దగ్గర ఎగిరే పసుపు దుమ్ము గడియారాలన్నింటికీ ఏడాది పొడుగునా బంగారు పూత వేస్తూనే ఉండేది. క్వింటాలు పసుపులో పావుకిలో తేడా వస్తే రైతు తరఫున కొట్లాడే మనిషి, రెండు గడియారాల మధ్య మూడు గంటల తేడా వస్తే మాత్రం మురిసిపోయేవాడు.

"నడిపన్నా, టైమెంతయ్యింది?"

"ఏ ఊరిది గావాలె? దుబాయ్‌దా, బొంబాయిదా, మనదా?"

"మనదే."

"మనదైతే నాకెట్ల తెలుస్తదిరా? గా గోడ గడియారం చూడు!"

భార్య కనకవ్వ బాధ వేరు. ఒకసారి పప్పులో నిమిషాల ముల్లు వచ్చింది. కందిపప్పు డబ్బాలో పళ్ల చక్రాలు, ఉప్పు జాడీలో స్ప్రింగులు. "మొగుడు తాగుతడని ఏడ్సేటోళ్లను చూసిన, ఆడుతడని ఏడ్సేటోళ్లను చూసిన. నాది ఎవ్వలకు చెప్పుకోవాలె? మా ఇంట్ల ముద్ద మింగాలంటే ముందుగాల చెవికాడ పెట్టుకోని ఇనాలె, టిక్కుటిక్కు అంటుందా అని" అనేది.

కనకవ్వ ముట్టుకోవడానికి వీల్లేని గడియారం ఒకటుండేది. బియ్యం డబ్బాలో, ఎర్రగుడ్డలో మూటకట్టి ఉండేది. దాన్ని నడిపయ్య ఎన్నడూ చేతికి పెట్టుకోలేదు. ఆదివారం పూట బయటికి తీసి, మిగతావాటి ముందు పెట్టేవాడు. దాని పేరు గురువు.

"గిదొక్కటి అసలుదా ఏందే?" అని అడిగాడు యార్డులోనే పనిచేసే దేవిదాస్ ఒకసారి.

"ఛ, గిది గూడ డూప్లికేటే. గానీ జర ఎక్కువ చదువుకున్న డూప్లికేటు. దీన్ని చూసి మిగతయి నేర్చుకుంటయి."

ఆ సంవత్సరమే నడిపయ్య సైకిలు కనబడకుండా పోయింది. దాని వెనకే రేడియో పోయింది, వేలికున్న పెళ్లినాటి ఉంగరం పోయింది. సైకిలు నిజామాబాదులో పోగొట్టుకున్నానన్నాడు. రేడియో సైకిలు మీదే ఉందన్నాడు. ఉంగరం పసుపు బస్తాలో పడి ఏ ఊరికి లారీ ఎక్కిందో తెలియదన్నాడు. ఆయన మాటల్లో అబద్ధమేదో ఏరుకునే ఓపిక ఎవరికీ లేక, యార్డు నమ్మింది.

దేవిదాస్ అంటే నడిపయ్యకు ప్రాణమిత్రుడు, రైతుల పసుపు అమ్మిపెట్టే ఆడ్తి దుకాణంలో గుమాస్తా. నాలుగక్షరాలు వచ్చినవాడు, నలుగురిని నవ్వించాలన్న యావ ఉన్నవాడు, ఆర్మూరు మొత్తానికి గుబురైన మీసం ఉన్నవాడు. ఈ కథలో తప్పంతా దేవిదాస్‌దే. ఆ మాట ఆయనే చెబుతాడు, ఎవరూ అడగకపోయినా.

యార్డులో పసుపు కొమ్ములు ఏరే పనికి నందిపేట్ నుంచి భీమవ్వ వచ్చేది. ఆమె మొగుడు గంగారాం కువైట్‌లో ఉండేవాడు. ఊరికొచ్చే ఒక బాల్కొండ మనిషి చేతికి గంగారాం ఒక రాడో ఇచ్చి పంపాడు. ఆ మనిషి దగ్గర అలాంటివి ఆరున్నాయట, కలిసిపోకుండా గంగారాం దీని వెనక మూత మీద వంకరగా 'గం' అని గీకాడు. మొగవాళ్లు పెట్టుకునే ఆ పెద్ద గడియారాన్ని భీమవ్వ గాజుల పైన పెట్టుకుని పనికొచ్చేది. గడియారంతో పాటు వచ్చిన ఉత్తరం దేవిదాసే చదివి వినిపించాడు. అందులో గంగారాం రాయించిన చివరి మాట ఇది: "గీ గడియారం నడిచినన్ని దినాలు నేను మంచిగున్నట్టే అనుకో. పరేషాన్ గాకు."

తర్వాత కువైట్‌లో లడాయి వచ్చింది. అక్కడున్నవాళ్లు విమానాల్లో, ఓడల్లో ఇళ్లకు చేరారు. గంగారాం చేరలేదు. ఉత్తరమూ లేదు. భీమవ్వ ఎవరినీ ఏమీ అడగలేదు. కొమ్ములు ఏరుతూ ఏరుతూ మధ్యలో గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకునేది, మళ్లీ పనిలో పడేది.

తొంభై ఒకటి ఫిబ్రవరిలో, పసుపు రాశులు మనిషెత్తు లేచిన రోజుల్లో, ఒక పొద్దున భీమవ్వ కాంటా దగ్గరికి వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నడిపన్నా, జర చూడే. నిన్నటి సంది ఆగింది."

నడిపయ్య చెయ్యి చాపేలోపల దేవిదాస్ అందుకున్నాడు. చుట్టూ హమాలీలు, రైతులు, ఇద్దరు సేట్లు. అంతమంది దొరికితే దేవిదాస్ నోరు కట్టేసుకోవడం కష్టం. అసలు రాడోలో పన్నెండు అంకె కింద చిన్న లంగరు బొమ్మ ఉంటుంది, గడియారాన్ని ఊపితే అది గిర్రున తిరుగుతుంది. ఆ సంగతి అప్పట్లో ఆర్మూరులో పసిపిల్లలకు కూడా తెలుసు. దేవిదాస్ గడియారాన్ని పైకెత్తి ఊపాడు.

"అరే చూడుండ్రి! లంగరు తిరుగుతలేదు. రంగు పూసి గీసిండ్రు. గిది ఆగక ఏమైతది? గంగారాం నీకు టోపీ పెట్టిండు గద భీమవ్వా!"

యార్డు ఘొల్లుమంది. ఆ ఉత్తరం చదివిన నోటితోనే ఈ మాట అన్నానని దేవిదాస్‌కు నవ్వు సగంలో గుర్తొచ్చింది. కానీ నలుగురు నవ్వుతుంటే మాట వెనక్కి తీసుకోవడం ఆయనకు చేతకాలేదు. భీమవ్వ నవ్వలేదు, ఏడవలేదు. నడిపయ్య వైపు చూసింది. ఆ జిల్లాలో నకిలీ గడియారాల గురించి ఆయన మాట మీద ఇంకో మాట లేదు.

నడిపయ్య భూతద్దం కంటికి ఆనించుకుని ఎంతోసేపు చూశాడు.

"అసలుదే" అన్నాడు.

నడిపయ్య నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదటిసారి.

"లోపటికి పసుపు వోయింది. గందుకే లంగరు పట్టుకున్నది, గందుకే ఆగింది. ఎనిమిది దినాలు నా కాడ ఉండనియ్ చెల్లే. కడిగిస్త."

దేవిదాస్ అక్కడైనా ఊరుకోవలసింది. ఊరుకోలేదు.

"అసలు రాడోకు గీత వడదంటరు గదా? అయితే పసుపు డ్రమ్ముల ఏద్దాం. గీత వడకుంటే నా మీసం తీసేస్త!"

కొమ్ముల మీది పొట్టు పోవడానికి ఎండిన పసుపును వేసి తిప్పే ఇనప డ్రమ్ము అది. గరుకు జల్లెడ లాంటి ఒళ్లు. అందులోకి పోయిన పసుపు కొమ్ము చర్మం ఊడదీసుకుని బయటికొస్తుంది. నడిపయ్య భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. భీమవ్వ ఆయన్నే చూస్తోంది.

"ఏద్దాం తీ" అన్నాడు.

ఎనిమిదో రోజు గడియారం వచ్చింది. నడుస్తోంది. ఊపితే లంగరు గిర్రున తిరుగుతోంది. వెనక 'గం' అన్న వంకర అక్షరం అలాగే ఉంది. దేవిదాస్ తిప్పి తిప్పి చూసి, "అయితే ఏమాయె, డ్రమ్ము ఉన్నది గద" అన్నాడు. బస్తా కొమ్ములతో పాటు గడియారాన్ని డ్రమ్ములో వేశారు. మోటారు తిరిగింది.

ఇరవై నిమిషాలు. భీమవ్వ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. నడిపయ్య ఆ రోజు చేతులకు ఒక్క గడియారం కూడా పెట్టుకోలేదు. బోసి చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ డ్రమ్ము చుట్లు లెక్కపెడుతున్నాడు. "భయపడ్డడు ముసలోడు" అని దేవిదాస్ పక్కవాడి చెవిలో అన్నాడు కూడా.

డ్రమ్ము ఆగింది. పసుపులోంచి గడియారాన్ని ఏరి, ధోవతి అంచుతో తుడిచారు. ఒక్క గీత లేదు. భీమవ్వ దాన్ని చెవి దగ్గర పెట్టుకుంది. అప్పుడు ఏడ్చింది.

దేవిదాస్ మీసం యార్డు గేటు దగ్గర మంగలి కుర్చీలో, రెండొందల మంది సాక్షిగా పోయింది. ఇంటికెళితే భార్య తలుపు దగ్గరేసి, "ఆయన ఇంట్ల లేడు, పొద్దుగూకినంక రాండ్రి" అంది.

వానలు మొదలయ్యాక గంగారాం వచ్చాడు. లడాయి మొదలవగానే అతని అరబ్బు యజమాని మేకలను ఎడారిలోకి తోలుతూ, వాటితో పాటు గంగారాంను కూడా తోలుకుపోయాడట. మేకలకు పోస్టాఫీసు అక్కర్లేదు గనక అక్కడ పోస్టాఫీసు లేదు. వచ్చిన వారం రోజులకు అతడు దేవిదాస్‌ను పక్కకు పిలిచాడు.

"అన్నా, ఒకటి అడుగుత. ఎవ్వలకు చెప్పకు. నేను కొన్నది డూప్లికేటే. లంగరు రంగుతోని గీసిందే, నా కండ్లతోని చూసిన. ఇప్పుడు గిర్రున తిరుగుతున్నది. గిదెట్లనే? నడిపన్నను అడిగితే, 'దుకాణపోడు మతిలేక అసలుదిచ్చిండు, ఊకో' అన్నడు."

దేవిదాస్ నేరుగా నడిపయ్య ఇంటి దారి పట్టాడు. నడిపయ్య లేడు. కనకవ్వ బియ్యం చెరుగుతోంది.

"వదినా, గురువును చూపియ్యి."

కనకవ్వ డబ్బాలో చెయ్యి పెట్టి ఎర్రగుడ్డ తీసి ఇచ్చింది. అందులో ఆగిపోయిన రాడో ఒకటి ఉంది. లంగరు తిరగలేదు. వెనక వంకరగా 'గం' అని ఉంది.

"మరి అసలుది?"

"అసలుది నందిపేట్‌ల ఉన్నది తమ్మీ. సైకిలు, రేడియో, ఉంగరం, మూడూ పెట్టి కొన్న గడియారం. దాని ఎనుక మూత మీద గా పిల్ల మొగని అచ్చరం దింపనీకి సూది పెడితే సూది ఇరిగింది. బస్తాలు కుట్టే దబ్బనం పెట్టి మూడు దినాలు గీకిండు. గీకినకాడికి గీకి, కండ్లు తుడుసుకునుడు. మల్ల గీకుడు. పుట్టినకాంచి డూప్లికేట్లను అసలు చేసుకుంట బతికినోడు, గా ఒక్కదాన్ని డూప్లికేటు లెక్క చేయనీకి సచ్చిపోయిండు."

"డ్రమ్ముల ఏద్దామన్నప్పుడన్న నాతోని చెప్పొద్దా?"

"నీతోని చెప్తే యార్డుకు చెప్పినట్టే గద తమ్మీ."

దేవిదాస్ ఎర్రగుడ్డను మళ్లీ మూటకట్టి కనకవ్వ చేతిలో పెట్టాడు. ఆ మనిషి కళ్లు మూసుకుని లెక్కపెట్టిన ఇరవై నిమిషాలు ఆయనకు ఇప్పటికీ అరగలేదు. మీసం మళ్లీ పెంచుకోలేదు. పందెం నిజంగా ఓడిపోయానన్న సంగతి రోజూ పొద్దున్నే అద్దంలో గుర్తు చేసుకుంటాడు.

యార్డు గేటు దగ్గర చాయ్ హోటల్లో, కొత్తగా ఎవరు కూర్చున్నా దేవిదాస్ ఈ కథంతా చెబుతాడు. తొంభై ఎనిమిదిలో కూడా ఒక లారీ డ్రైవరుకు చెప్పి, చివర్లో నడిపయ్య వైపు తిరిగి, "అన్నా, గా దినం నేను నోరు మూసుకోని ఉంటే గురువు నీ తానే ఉండునే" అన్నాడు. పక్కనే నడిపయ్య, రెండు చేతుల నిండా గడియారాలతో, సాసరులో చాయ్ ఊదుకుంటున్నాడు. డ్రైవరు ఆయన వైపు తిరిగి అడిగాడు.

"నిజమేనా పెద్దాయనా?"

"అన్నీ ఒట్టివే" అన్నాడు నడిపయ్య. "నా తాన అసలు గడియారం ఎన్నడు లేదు. భీమవ్వది కువైట్‌ల కొన్నదే. డ్రమ్ముల పసుపు తప్ప ఇంకోటి ఎయ్యలే. గురువు లేడు, దబ్బనం లేదు."

"మరి ఈయన మీసం?"

నడిపయ్య సాసరు కింద పెట్టి, దేవిదాస్ మొహాన్ని కాంటా ముల్లును చూసినట్టు చూశాడు.

"వీనికి పుట్టినకాంచి మీసమే లేదు."