లోపం లేని చాకు

బెల్లంపల్లి బొగ్గు బాయిలో కప్పు కింద కట్టె దిమ్మెలు నిలబెట్టే టింబర్ పని చేసే మైసయ్యకు కల్లు అలవాటు లేదు, పేకాట రాదు, బీడీ వాసన గిట్టదు. ఇన్ని సుగుణాలు ఒక్కచోట పోగైన మనిషి మన సంఘంలో మరొకడు లేడని మెథడిస్టు గుడి అయ్యగారు ఒకసారి ప్రసంగంలో చెప్పబోయి, ముందు వరసలో కూర్చున్న మైసయ్య భార్య దెబోరా ముఖం చూసి మాట మార్చారు. మైసయ్యకున్న ఒక్క అలవాటు పది దురలవాట్ల పెట్టు. ఆయన మడత చాకులు పోగుచేసేవాడు.

రజాకార్ల గొడవ సద్దుమణిగిన ఏడాది మొదటిది కొన్నాడు. ఆ తర్వాత పెద్దపల్లి అంగట్లో ఒకటి, చాందా నుంచి గంప నెత్తిన పెట్టుకొచ్చే మరాఠీ ముసలామె దగ్గర మూడు, మేకకు బదులు ఒకటి, గోడగడియారానికి బదులు ఒకటి. బర్రె కొమ్ము పిడివి, ఇత్తడి పిడివి, మద్ది కట్టె పిడివి. యాభై ఏడో సంవత్సరానికి బిస్కెట్ డబ్బాలో ఇరవై ఒకటి చేరాయి. ఆ ఇరవై ఒక్కటిలో ఒక్కదానితోనైనా ఆ ఇంట్లో ఒక ఉల్లిగడ్డ తెగితే ఒట్టు. దెబోరా కత్తిపీట ముందు కూర్చుని కోసుకునేది. ఎందుకు ఇవ్వవని అడిగితే మైసయ్య జవాబు ఒకటే.

"గది మంచిది గాదే. దాంట్ల లోపమున్నది."

లోపం లేనిది ఏదీ? కొన్నరోజు ప్రతి చాకూ కొత్త పెళ్లికూతురే. వారం తిరగకముందే ఒకదాని కోసే అలుగు అలిగిన అల్లుడిలా ఒక పక్కకు ఒరిగేది. ఒకదాని అలుగును పిడికి పట్టే శీల వదులై, తెరిస్తే ముసలోడి పన్నులా ఊగేది. ఇంకొకదాని స్ప్రింగు చచ్చిపోయి, జేబులో పెట్టుకుంటే తనంతట తనే తెరుచుకుని మైసయ్య తొడ మీద మూడుసార్లు గీత గీసింది. ఒకదాని పిడి రెండుగా పగిలింది. అమ్మినవాళ్లను తిట్టాడు, చేసినవాళ్లను తిట్టాడు. ఒక చాకు కోసం వంద మైళ్లు తిరిగివెళ్లి, అమ్మినవాడు చచ్చిపోయాడని తెలిసి, అతని తమ్ముణ్ని తిట్టి వచ్చాడు. నిజాం పోయాక ఇనుము చెడిపోయిందని కొన్నాళ్లు, ఆంధ్రతో కలిశాక కమ్మరులు చెడిపోయారని కొన్నాళ్లు అన్నాడు.

ఆ ఏడు ఎండాకాలంలో, ఆరాధన అయిపోయి అందరూ గుడి ముందు నిలబడ్డప్పుడు దెబోరా అయ్యగారి ముందుకొచ్చింది.

"అయ్యగారూ, మీరే సాచ్చం. వచ్చే కోత పండుగ దాక ఈయనకు టైమిస్తున్న. ఒక్కటంటే ఒక్కటి లోపం లేని చాకు తెచ్చి, లోపం లేదని గుళ్లె నిలవడి చెప్పాలె. చెప్తే డబ్బ ఇంట్లనే ఉంటది, సచ్చేదాక నేను నోరు తెరువ. చెప్పకుంటే డబ్బకు డబ్బ వేలానికి."

వానకాలం పంట ఇంటికొచ్చాక వాళ్ల గుడిలో కోత పండుగ చేస్తారు. ఎవరి ఇంట్లో ఏది కాస్తే అది, సొరకాయో కోడిపుంజో కొత్తబియ్యమో, దేవుడి ముందు పెట్టి వేలం పాడతారు. పెట్టింది వెనక్కి తీసుకునే పద్ధతి లేదు.

అందరూ చూస్తున్నారు. మైసయ్యకు రోషం వచ్చింది. "ఒకటెందుకు, రెండు తెస్త," అన్నాడు. వెనక్కి తీసుకుందామనుకునేసరికి మాట అప్పటికే గుడి గోడలకు తగిలింది.

లక్సెట్టిపేటలో లక్ష్మీరాజం అనే కమ్మరి ఉన్నాడు. గోదావరి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా ఆయన కొట్టిన గొడ్డలి తాతలనుంచి మనవలకు వస్తుందని పేరు. తొలకరి పడ్డాక ఒక ఆదివారం మైసయ్య మంచిర్యాలదాకా రైల్లో, అక్కడినుంచి బస్సులో వెళ్లాడు. కొలిమి ముందు నాగటి కర్రులు పట్టుకుని రైతులు పెళ్లి పంక్తిలా కూర్చుని ఉన్నారు.

"ఏడాదికి గింజలు కొలిచేటోళ్లు ఈళ్లు," అన్నాడు లక్ష్మీరాజం తల ఎత్తకుండా. "ఈళ్ల కర్రులయినంకనే నీ చాకు. నువ్వు లాటుసాబువైనా గంతే."

సాయంత్రందాకా కూర్చుని తిరిగొచ్చాడు. రెండోసారి వెళ్లేసరికి కొలిమి చల్లగా, పిల్లి పడుకుని ఉంది. ఆ రోజు అమావాస్య. కమ్మరులు అమావాస్యనాడు నిప్పు రాజేయరు. మైసయ్యకు పంచాంగం చూసే అలవాటు లేదు, ఆదివారం తప్ప వేరే సెలవు లేదు. తన సెలవూ కమ్మరి సెలవూ ఒకే రోజు పడ్డాయి. ఆ పిల్లిని కూడా తిట్టి, తిరుగు బస్సు వెళ్లిపోతే మంచిర్యాలదాకా నడిచాడు.

మూడోసారికి చాకు చేతికొచ్చింది. బర్రె కొమ్ము పిడి, జానెడు కంటే కాస్త తక్కువ అలుగు. మూస్తే 'టక్' మన్నది. మైసయ్యకు కళ్లు చెమర్చాయి. తొమ్మిదో రోజుకు శీల వదులైంది.

తీసుకుపోయి లక్ష్మీరాజం ముందు నేలమీద పెట్టాడు. చాకు చేతికి చేతికి ఇస్తే జగడమవుతుందని కదా. పెట్టినా జగడమైంది.

"నా దుకాణంల పని వాపసు వచ్చుడు గిదే మొదలు," అన్నాడు లక్ష్మీరాజం.

"మొదలైంది గద. ఇంక అలవాటు చేసుకో."

లక్ష్మీరాజం దాన్ని తీసుకుని బదులు ఇంకొకటి చేశాడు. దాని అలుగు పదిహేను రోజులకు ఒరిగింది. మూడోది చేసేటప్పుడు లక్ష్మీరాజం మంచినీళ్లు కూడా తాగలేదు. ఇనుము తాత దాచిపెట్టిన పాత ఆకురాయిది. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచినప్పుడు వచ్చిన చప్పుడుకు గోదావరిలో చేపలు ఉలిక్కిపడ్డాయని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అదీ వదులైంది. బతుకమ్మ పండుగ దాటింది. కోత పండుగ ఇంకా నెల రోజులుంది.

మూడోదాన్ని నేలమీద పెట్టినప్పుడు లక్ష్మీరాజం తిట్టలేదు. సుత్తె పక్కన పెట్టి, మోకాళ్లమీద చేతులు పెట్టుకున్నాడు.

"మైసయ్యా, కొత్త చాకు ఇంటికి కొంచవోయి నువ్వేం జేస్తవ్? ఉన్నదున్నట్టు చెప్పు."

"ఏం జేస్త? చూసుకుంట."

"ఎట్ల చూసుకుంటవ్? నాకు చూపియ్యి."

మైసయ్య చాకు తెరిచాడు. చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. జేబులోంచి ఇంకో చాకు తీసి, దాని వీపుతో కొనదగ్గర కొట్టాడు. విన్నాడు. ఒక వేలెడు జరిపి మళ్లీ కొట్టాడు. అలా కొననుంచి మొదటిదాకా, తర్వాత రెండో పక్క, తర్వాత పిడి మీద, చివరికి శీల తల మీద చోటుకు మూడేసి దెబ్బలు.

"గిట్ల రోజుకు ఎన్నిసార్లు?"

"రెండే. బాయికి పోయేముందు ఒకపారి, వచ్చినంక ఒకపారి. బొద్దు సప్పుడు వస్తే లోపల పగులున్నట్టు. ఖంగుమంటే గట్టిది."

పక్కన గొర్రెల కాపరి బాలమల్లు కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాడు. కమ్మరి చెయ్యి చాచాడు.

"మల్లూ, నీ చాకు జర గిట్ల పెట్టు." నేలమీద పెట్టినదాన్ని తీసి మైసయ్యకు చూపించాడు. "రెండేండ్లాయె. గీ చెయ్యే, గీ కొలిమే. గొర్ల డెక్కలు కోస్తడు, ముండ్లు తీస్తడు, నోట్లె పండ్లు కుట్టుకుంటడు. ఊగుతున్నదా?"

ఊగడం లేదు. మూస్తే 'టక్' మంది.

"ఓరి మైసయ్యా, చాకులకు లోపం లేదురా. నువ్వే కొట్టి కొట్టి శీల వదులు చేస్తున్నవ్. ఇరువై ఒకటి ఉన్నయంటివి. ఇరువై ఒకటిని నీ చేతులతోనే సంపుకున్నవ్."

బాలమల్లు నవ్వు ఆపుకోలేక చింతపండు గిన్నె తన్నేశాడు. మైసయ్యకు నవ్వు రాలేదు, కోపం కూడా రాలేదు.

"కొట్టి ఇనకుంట ఎట్ల నమ్మాలె, రాజమన్నా?" అన్నాడు.

అది ఆయన మొండితనం కాదు. బాయిలో దిమ్మె నిలబెట్టేముందు పైకప్పును కర్రతో కొట్టి వినాలి. ఖంగుమంటే కింద మనుషులు పనిచేయొచ్చు. బొద్దుగా పలికితే పరిగెత్తాలి. పదేళ్ల కింద చూడ్డానికి అద్దంలా ఉన్న కప్పును మైసయ్య ఒక్క దెబ్బ కొట్టి, బొద్దు చప్పుడు విని, లచ్చయ్య అనే కూలీని చెయ్యి పట్టి బయటికి గుంజాడు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకునేంతసేపటికి ఆ చోట బండ పడింది. ఆనాటినుంచి ఆయన కంటితో చూసింది ఏదీ నమ్మలేదు. కుండ కొన్నా కొట్టి చూసేవాడు, పుచ్చకాయ కొన్నా కొట్టి చూసేవాడు. దెబోరా నాన్న జబ్బుపడి మంచంలో ఉంటే ఆయన వీపు మీద కూడా కొట్టి విన్నాడు. ఆయనకది బతుకు.

లక్ష్మీరాజం నాలుగో చాకు చేసి గుడ్డలో చుట్టి, గుడ్డకు ఏడు ముళ్లు వేశాడు.

"పండుగ దాక కొట్టకు. చూసుడు చూడు, కోసుడు కొయ్యి. కొడితివా, ఇంక నా గడప తొక్కకు."

ఆ నెల రోజులు మైసయ్య పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. ముడి విప్పేవాడు, చూసేవాడు. పిడి అరచేతిలో ఇమిడిపోయేది. తెరిస్తే వెన్నలో వేలు దించినట్టు తెరుచుకునేది. చూపుకు ఏ వంకా లేదు. అద్దంలా ఉన్న ఆ బండకూ ఏ వంకా కనపడలేదు కదా! చెయ్యి జేబులోని రెండో చాకు మీదికి పోయేది. మళ్లీ ఏడు ముళ్లు వేసేవాడు. అన్నం తగ్గింది. బాయిలో కప్పును మరీ ఎక్కువ కొట్టడంతో, పైనున్న ఊరివాళ్లు తలుపు తీసి ఎవరని అడుగుతున్నారని తోటివాళ్లు ఎగతాళి చేశారు.

"కొట్టి సూడు పో, పీడ పోతది," అంది దెబోరా ఒకరోజు, ఉండబట్టలేక.

"కొడితే చెడిపోతది. కొట్టకుంటే తెల్వది. నన్నేం జెయ్యమంటవ్?"

దెబోరా కత్తిపీట ముందు కూర్చుంది.

కోత పండుగనాడు గుడి నిండా బంతిపూలు, వరి కంకులు. సొరకాయల పక్కన బిస్కెట్ డబ్బా పెట్టారు. దాని పక్కన మైసయ్య నిలబడ్డాడు, గుడ్డమూట చేతిలో ఉంది.

"దొరికిందా మైసయ్యా?" అని అయ్యగారు అడిగారు. "లోపం లేదని చెప్పు, డబ్బా ఇంటికి తీసుకుపో."

ఒక్క మాట అంటే చాలు. లక్ష్మీరాజం పనికి లోపముండదని ఆ గుడిలో ప్రతివాడికీ తెలుసు. దెబోరా కూడా అను, అను అన్నట్టు తలాడించింది.

"తెల్వదయ్యగారు," అన్నాడు మైసయ్య. "నేను కొట్టి సూడలే. చూడనిదానికి దేవుని ముంగట మాట ఎట్ల ఇయ్యాలె?"

చేతిలోని మూటను కూడా డబ్బామీద పెట్టాడు. దెబోరా లేచి నిలబడింది.

"గదెందుకయ్యా? నేను డబ్బనే అన్న గని గదాన్ని అనలే."

"నా దగ్గరుంటే బతుకదది," అన్నాడు.

ఇరవై రెండు చాకులూ వేలంలో ఇరవై రెండు ఇళ్లకు పోయాయి. కొన్నవాళ్లు శీలల మీద ఒక్కొక్క దెబ్బ వేసి బిగించుకున్నారు, పగిలిన పిడికి తీగ చుట్టుకున్నారు, అంతే. ఆ తర్వాత మైసయ్యకు దారిలో కనపడ్డ ప్రతివాడూ చాకు తీసి చూపించేవాడు. "జబర్దస్తుగ పనిచేస్తున్నదే!" అనేవాడు. ఇరవై ఒక్కమంది చేత ఆ మాట వినడం కంటే బండ కింద పడటం నయమనిపించేది.

లక్ష్మీరాజం చాకును మిషన్ హాస్టల్లో వంట చేసే మగ్దలేనమ్మ కొన్నది. పదకొండేళ్లుగా పిల్లలకు పచ్చిమిరపకాయలు, మామిడికాయలు, వంకాయలు ఆ చాకే కోస్తున్నది. అలుగు అరిగి సన్నబడింది కానీ ఊగలేదు. మైసయ్య బాయిలో పని మానలేదు. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక హాస్టల్ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడతాడు.

"అక్కా, ఒక్కపారి ఇయ్యరాదు. మెల్లగ, గోటితోని కొట్టి ఇస్త."

"చూడు, ముట్టకు."

"శీల తల మీద గాదు. కొనకు ఒక్కటే దెబ్బ."

"మైసయ్యా, చేతులు ఎనుకకు పెట్టుకో."

పెట్టుకుంటాడు. మగ్దలేనమ్మ మామిడికాయ ముక్కలు కోస్తుంటే, ఒక్కో ముక్క తెగినప్పుడల్లా చాకు పీటకు తగిలే చప్పుడు వినడానికి మెడ ముందుకు చాస్తాడు. పీట చప్పుడే వినపడుతుంది కానీ చాకు చప్పుడు తెలియదు. పళ్లు నూరుకుంటూ ఇంటికి పోతాడు.