గాజు డబ్బాకు మూత

నాకు మొదటినుంచీ నోరు పెద్దది. ఎమ్మెస్సీ ఆఖరి ఏడాది, మహబూబాబాద్ దగ్గరి గూడూరు అవతలి అడవి అంచున రెండు జాతుల డయాటమ్‌లు దొరికాయని మా సార్‌కు కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాను. "రెండున్నయి సార్, గ్యారెంటీ" అన్నాను.

డయాటమ్ అంటే నీళ్లలో బతికే ఒంటికణం నాచు. విడిగా కంటికి ఆనదు. దాని గోడ గాజుకు చుట్టమైన సిలికాతో తయారవుతుంది. నాకు దొరికిన చోట బండ కింది నుంచి ఊట కారుతుంది. నీళ్లు తేటగా, పారీ పారనట్టు ఉంటాయి. అడుగున మెత్తటి ఒండ్రు మీద గోధుమరంగు పొర పడుతుంది. దాన్ని చెంచాతో పైపైన తీయాలి, లోతుగా గీకితే బురదే వస్తుంది. ఆ పొర చిటికెడు చాలు, వేలకొద్దీ ఉంటాయి.

ఒక రకం పడవలా ఉంది. పొడుగ్గా, రెండు కొసలూ గుండ్రంగా, నడుమ ఒక గీత, గీతకు అటూ ఇటూ దువ్వెన పళ్లలాంటి చారలు. రెండో రకం నిక్కచ్చి దీర్ఘచతురస్రం, చారలు అంచులకు మాత్రమే. రెండింటికీ విడివిడిగా బొమ్మలు గీసి, విడివిడిగా వర్ణన రాసుకున్నాను.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపు మీదున్న రోజులు. బందులు, రాస్తారోకోలు, కాలేజీకి తాళం. పొద్దున ధర్నాలో గొంతు పోయేలా అరిచి, ఆ గొంతుతోనే ఇంటికొచ్చి పని చేసుకునేదాన్ని. సార్ పాత మైక్రోస్కోపు ఒకటి ఇచ్చి పంపారు. అద్దంతో పగటి వెలుతురును పట్టుకునే రకం, కరెంటుతో పనిలేదు. మహబూబాబాద్‌లో నేను అద్దెకున్న ఇంటి అరుగు మీద పెట్టాను. వారంలో రిపోర్టు ఇవ్వాలి. ఈసారి తప్పితే మా ఊరు కొడకండ్లకొచ్చి పత్తిచేన్లో దిగుమని మా నాయిన ముందే చెప్పి పెట్టాడు.

ఆ ఇంటి యజమాని రేకు డబ్బాలు చేసే ముసలాయన. చాచా అని పిలిచేదాన్ని. బందుకు దుకాణం మూసి, చేతులు ఊరుకోక నా చుట్టూ తిరుగుతున్నాడు. "జర నన్ను సూడనియ్యి బేటీ" అన్నాడు. చూడనిస్తే చాలాసేపు కన్ను తీయలేదు.

"గీ పడవ, గీ డబ్బా, రెండు ఒక్కటే" అన్నాడు.

"కాదు చాచా, రెండు జాతులు."

"ముప్పై ఏండ్ల సంది డబ్బాలు కొడుతున్న. గిది పక్కకు పండుకున్నది, గంతే. అంచుకాడ సూడు, మూత జర పెద్దగుంటది, అడుగు దాంట్ల దూరుతది. మర్లేసి సూడు."

నాకు ఒళ్లు మండింది. రేకులు కొట్టేవాడు నాకు వృక్షశాస్త్రం చెబుతాడా అనుకున్నాను. ఆయన నోరు మూయించాలనే నీటిబొట్టు మీద కప్పిన కవర్ గ్లాసును సూదితో మెల్లగా తట్టాను. దీర్ఘచతురస్రం ఒరిగింది, దొర్లింది, పడవై ఆగింది. నడిమి గీత, దువ్వెన పళ్లు, అన్నీ ఉన్నాయి. తాడిని తన్నేవాడి తలదన్నేవాడు నా అరుగు మీదే ఉన్నాడు.

ఇదంతా పుస్తకంలో ఉన్నదే. మూత, అడుగు, పైనుంచి ఒక రూపు, పక్కనుంచి ఇంకో రూపు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కంఠస్థం చేసింది కంటి ముందుకొస్తే పోల్చుకోలేకపోయాను. రెండు వర్ణనలూ చింపేసి ఒక్కటే రాశాను.

వైవాకు బయటినుంచి వచ్చిన పెద్దాయన సరిగ్గా అక్కడే వేలు పెట్టారు. "రెండూ ఒకటేనని ఎలా తెలిసింది?"

"సూదితోని తట్టి మర్లేసిన సార్. నా కండ్లతోని చూసిన."

"ఆ ఆలోచన ఎవరిది?"

"నాదే సార్."

తడుముకోకుండా వచ్చింది ఆ మాట. ఆయన మెచ్చుకున్నారు.

ఇంటికొచ్చి గట్టెక్కానని చెబితే చాచా చాయ్ పెట్టించాడు. "బుక్కుల నా పేరు రాసినవా బేటీ?" అని నవ్వుతూ అడిగాడు. కృతజ్ఞతల పేజీలో మా సార్, ప్రిన్సిపాల్, అమ్మ, నాయిన, చివరికి టైపు చేసినాయన కూడా ఉన్నారు.

"రాసిన చాచా" అన్నాను.

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుని, "ఏదీ, సూపియ్యి" అన్నాడు.

ఆయనకు ఉర్దూ తప్ప చదవడం రాదు. నేను పేజీ తీసి, టైపు చేసినాయన పేరు మీద వేలు పెట్టాను. ఆయన ఆ అక్షరాలను మెల్లగా తడిమి, భార్యను పిలిచి ఆమెకూ చూపించాడు.