మా మామయ్య మీద నేను చేసిన ప్రయోగం

మనిషి మొహం చూడగానే మనసులో ఏముందో చెప్పేయగలనని నేను గట్టిగా నమ్మిన కాలం ఒకటుంది. వయసు పంతొమ్మిది, చదువు డిగ్రీ రెండో సంవత్సరం, సబ్జెక్టు మనస్తత్వశాస్త్రం. (ఈ మూడింటిలో ఏ ఒక్కటున్నా మనిషి కొంచెం ప్రమాదకరమే. నాకు మూడూ ఒకేసారి వచ్చిపడ్డాయి.) ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లోంచి బేరమాడి తెచ్చుకున్న ఒక లావుపాటి పుస్తకం నా విజ్ఞానానికి పుట్టిల్లు. తెలివితేటల గురించీ, అవధానం (అంటే ధ్యాస) గురించీ, మన కన్ను లోకాన్ని ఎలా చూస్తుందన్న దాని గురించీ అందులో పేజీలన్నీ భద్రంగా ఉన్నాయి. ఉద్వేగాల అధ్యాయాన్ని మాత్రం నాకంటే ముందు చదివిన మహానుభావులెవరో చింపుకుపోయారు. అదేమంత లోటుగా నాకు తోచలేదు. ఉన్న పేజీలతోనే ఇంటిల్లిపాదికీ జబ్బులు నిర్ణయించేదాన్ని. పప్పులో ఉప్పు మరిచిపోతే అమ్మది చీలిపోయిన అవధానం. టీవీ ముందు కూర్చున్న నాన్న పిలిస్తే పలక్కపోతే అది కావలసినదాన్నే ఏరుకునే అవధానం. "దానికి మా దగ్గర వేరే పేరుందిలే, వినిపించుకోకపోవడం అంటారు" అనేది అమ్మ.

మేం ఉండేది నాంపల్లి స్టేషన్ వెనక ఒక గల్లీలో. తాతయ్య పంతొమ్మిది వందల యాభై ఆరులో కృష్ణా జిల్లా నుంచి గుమాస్తా ఉద్యోగంతో పాటు అమ్మమ్మనూ ఇక్కడికి తీసుకొచ్చాడు. అమ్మ తన మాటను అమ్మమ్మ ఒళ్ళో నేర్చుకుంది, మామయ్య గల్లీలో నేర్చుకున్నాడు. ఒక తల్లి బిడ్డలే అయినా ఆవిడ "ఏంటి" అంటే ఈయన "ఏంది" అనేవాడు. మామయ్య మాతోనే ఉండేవాడు. పదో తరగతి లెక్కల్లో మూడుసార్లు తప్పి, ఆ తర్వాత ఆబిడ్స్‌లో ఒక సందులో ఉన్న మ్యాచింగ్ సెంటర్‌లో పనికి కుదిరి, ఇరవై ఏళ్ళుగా చీరలకు జాకెట్టు గుడ్డలు జతచేస్తున్నాడు. మూడోసారి ఫలితాలు వచ్చిన రోజున తాతయ్య "వీడి బుర్రలో మట్టి తప్ప ఇంకేం లేదు" అన్నాడట. తాతయ్య పోయాడు గానీ ఆ మాట పోలేదు. కరెంటు ఆఫీసుకు అర్జీ రాయాలన్నా, బ్యాంకు ఫారం నింపాలన్నా "వాడికివ్వకండి, తప్పులు రాస్తాడు" అనడం మా ఇంట్లో కసురుకోవడం కింద లెక్క కాదు, సమాచారం కింద లెక్క. మామయ్య కూడా దాన్ని సమాచారంగానే తీసుకుని నవ్వేవాడు.

ఇక మా ప్రాక్టికల్ పరీక్ష సంగతి చెప్పాలి. కెమిస్ట్రీ వాళ్ళకు యాసిడ్లు కాలేజీ ఇస్తుంది. జువాలజీ వాళ్ళకు బొద్దింకలు కాలేజీ ఇస్తుంది. మా శాస్త్రంలో మాత్రం పరికరం మనిషి కాబట్టి, ఆ మనిషిని ఎవరికి వాళ్ళే ఇంటి నుంచి తెచ్చుకోవాలి. పరీక్ష పెట్టేవాళ్ళను ప్రయోక్త అంటారు, పెట్టించుకునేవాళ్ళను ప్రయోజ్యుడు అంటారు. (బంధువులందరూ అప్రయోజకుడని తేల్చేసిన మనిషిని ప్రయోజ్యుణ్ణి చేసిన ఘనత నాదే.) షరతు ఒక్కటే, తెచ్చిన మనిషి అంతకుముందు అలాంటి పరీక్షలేవీ చేసి ఉండకూడదు. ఏడాది పొడుగునా రికార్డు నింపడం కోసం నేను గల్లీలో అందరినీ వాడేశాను, ఒక్క కొత్త బుర్ర మిగల్లేదు. మా పై వాటా ఆంటీకి ఖైరతాబాద్‌లో ఉండే చెల్లెల్ని నెల ముందే మాట్లాడి పెట్టుకుంటే, రేపు పరీక్ష అనగా మధ్యాహ్నం ఫోన్ చేసి జ్వరం అంది. మనిషి లేకపోతే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే ఏడాది లేదు. అప్పుడు గుర్తొచ్చాడు మామయ్య. పొద్దునా సాయంత్రం ఒకే భోజనాల బల్ల దగ్గర కూర్చునే మనిషి అప్పటిదాకా ఎందుకు గుర్తు రాలేదో, అది ఏ అవధానం కిందికి వస్తుందో నేను అప్పుడు ఆలోచించలేదు.

వెంటనే షాపుకు పరిగెత్తాను. నేలనుంచి కప్పు దాకా గుడ్డల చుట్టలు, మధ్యలో మామయ్య. ఒకావిడ తెచ్చిన చీర కొంగునూ, ఇంకా కత్తిరించని గుడ్డ కొసనూ రెండు చేతుల్లో పెట్టుకుని మెట్లు దిగి రోడ్డు మీదికి వెళ్ళి, తల పక్కకి వంచి ఎండలో చూసి, "ఇది ఒద్దమ్మా, జర పచ్చ కొడ్తది" అని వెనక్కొచ్చాడు. మ్యాచింగ్ సెంటర్లలో అదే పద్ధతి, లోపల నచ్చింది ఏదైనా బయట నచ్చాకే కత్తెర పడుతుంది. ఆవిడ వెళ్ళాక నా గోడు చెప్పుకున్నాను.

"ఏం పరీక్ష బుజ్జీ?" అన్నాడు.

పరీక్ష హాల్లో తీసిన చీటీలో ఏది వస్తే అది, తెలివిది కావచ్చు, జ్ఞాపకానిది కావచ్చు, నువ్వేమీ చదవక్కర్లేదు అని ధైర్యం చెప్పాను. "అసలు ఏమీ తెలియనివాళ్ళే కావాలి మామయ్యా. నీకంటే సరైన మనిషి దొరకడు." (దేవుడి సాక్షిగా ఇది నేను పొగడ్తగానే అన్నాను.)

ఆయన మడిచిన గుడ్డనే విప్పి మళ్ళీ మడిచాడు. "మార్కులు ఎవరికేస్తరు, నీకా నాకా?"

"నాకే."

"మరి నాకేం తేలుతది?"

"నీ బుర్ర ఎంతో తేలుతుంది" అని నవ్వాను.

"ఏం తేలినా అక్కకు చెప్పవు కదా" అన్నాడు. చెప్పనని మాటిచ్చి, షాపు సేఠ్ దగ్గర ఆయనకు సగం రోజు సెలవు ఇప్పించి, గెలిచినంత సంబరంగా ఇంటికొచ్చాను.

మర్నాడు పొద్దున మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆంజనేయస్వామి సిందూరం పెట్టుకుని, జేబులో రెండు పెన్నులూ ఆధార్ కార్డూ పెట్టుకుని తయారయ్యాడు. రెండు పెన్నులెందుకని అడిగితే, మూడోసారి రాసినప్పుడు పెన్ను సగంలో ఆగిపోయిందన్నాడు. నేను హాస్యమనుకుని పెద్దగా నవ్వాను. మెట్రో కోసం తవ్విపోసిన రోడ్ల పక్కగా కాలేజీకి నడుస్తుంటే, అందులో లెక్కలు ఉంటాయా అని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ నేను ఊఁ కొట్టాను. నా బుర్రంతా సూచనలు వల్లెవేసుకోవడంలో ఉంది. ఎదుటి మనిషి అవధానం గురించి పన్నెండు పేజీలు రాసిన రికార్డు చంకలో పెట్టుకుని నడుస్తున్నాను మరి.

చీటీలో నాకు రంగుల ప్రయోగం వచ్చింది. అందులో రెండు కార్డులుంటాయి. మొదటి దాని మీద వరసగా రంగు మచ్చలు, ఆ రంగుల పేర్లు చెప్పాలి. రెండోదాని మీద ఇంగ్లీషులో రంగుల పేర్లు రాసి ఉంటాయి గానీ, రెడ్ అన్న మాటను ఆకుపచ్చ సిరాతోనూ, బ్లూ అన్న మాటను పసుపు సిరాతోనూ రాస్తారు. మాటను వదిలేసి సిరా రంగు చెప్పాలి. చదువుకున్న కన్ను మాటనే పట్టుకుంటుంది కాబట్టి నాలుక తడబడుతుంది. మొదటి కార్డు కంటే రెండోదానికి ఎన్ని సెకన్లు ఎక్కువ పడితే, అవధానానికి అంత ఆటంకం అని లెక్క. మా డిపార్టుమెంటు కార్డులు మాకంటే వయసులో పెద్దవి, ఏ కాలంలోనో చేత్తో రంగులద్దినవి. మామయ్యను ట్యూబులైటు కింద కూర్చోబెట్టి, నేర్చుకున్న సూచనలను ఒక్క ఊపిరిలో అప్పజెప్పి, మొదటి కార్డు చేతికిచ్చి స్టాప్‌వాచీ నొక్కాను.

మామయ్య కార్డును దగ్గరగా చూశాడు, దూరంగా చూశాడు. తర్వాత లేచి, కార్డు పట్టుకుని, వరసగా కూర్చున్న ప్రయోక్తలనూ ప్రయోజ్యులనూ దాటుకుంటూ హాలు బయటికి నడిచి వెళ్ళిపోయాడు.

నా చేతిలో వాచీ తిరుగుతూనే ఉంది. పరీక్ష నుంచి ప్రయోజ్యుడు లేచిపోతే ఏం చేయాలో నా పుస్తకంలో, కనీసం మిగిలిన పేజీల్లో, లేదు. కిటికీలోంచి చూస్తే వరండా చివర ఎండపడే చోట నిలబడి, తల పక్కకి వంచి, ఒక్కొక్క మచ్చనే నిదానంగా చూస్తున్నాడు. తీరిగ్గా తిరిగొచ్చి కూర్చుని మొదలుపెట్టాడు, మిరపపండు, చిలకపచ్చ, నెమలికంఠం, గంధం. "గీ మూడో లైన్ల ఉన్నది మిరపపండు కాదు బుజ్జీ, టమాటా. వేరే డబ్బాది." నా దగ్గరున్న జవాబుల కాగితంలో నాలుగే రంగులు. నాలుగు నిమిషాలు దాటింది. రెండో కార్డు ఇచ్చేసరికి రంగులతో ఆయనకు పరిచయం అయిపోయింది, పైగా ఇంగ్లీషు అక్షరాలను కూడబలుక్కుంటే తప్ప అవి ఆయనతో మాట్లాడవు. అందరూ తడబడే చోట మామయ్య గడగడా నిమిషం లోపే ముగించాడు.

రెండోదాంట్లోంచి మొదటిదాన్ని తీసివేశాను. ఆటంకం మైనస్‌లో వచ్చింది. ఫలితాన్ని పోల్చుకునే పట్టికలో సగటు ఉంది, సగటుకు పైనా కిందా ఉన్నాయి, సున్నాకు కింద మాత్రం ఏమీ లేదు. నేను మళ్ళీ మళ్ళీ తీసివేస్తుంటే వెనక నీడ పడింది. బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకురాలు. ఆ మేడం అప్పటికే ఇద్దరిని ఏడిపించిందని హాలంతా తెలుసు. మీరెందుకు బయటికి వెళ్ళారని ఆవిడ మామయ్యను అడిగింది. మామయ్య టక్కున లేచి నిలబడ్డాడు.

"ట్యూబులైటు అబద్ధం చెప్తది మేడం. షాపుల గూడ మేం నమ్మం. గిప్పుడు మీ జాకెట్టు గూడ..." అని, నాలుక కరుచుకున్నాడు.

నా ఏడాది నా కళ్ళముందే కూలిపోయింది. చెప్పండి అంది మేడం. తప్పైతే మాఫ్ చేయమని, జాకెట్టు ట్యూబులైటు కింద కొన్నట్టుందనీ, ఎండలో ఒక పాలు ఎరుపు ఎక్కువ కొడుతుందనీ ఆయన నేలను చూస్తూ చెప్పాడు. ఆవిడ వరండాలోకి వెళ్ళి, చీర కొంగును మోచేతి దగ్గర జాకెట్టు మీద పెట్టి చూసుకుని, తిరిగొచ్చి, నా కాగితాలు చేతిలోకి తీసుకుంది.

చివరి పేజీలో ప్రయోజ్యుడి సొంత మాట అని ఒకటుంటుంది. ప్రయోగం జరుగుతున్నంతసేపూ తన మనసులో ఏం జరిగిందో ఆ మనిషిని అడిగి రాసి, సంతకం చేయించాలి. దాన్ని అడగడం మా కాలేజీలో ఎప్పుడూ లేదు. సీనియర్ల రికార్డుల్లోంచి రెండు వాక్యాలు తరతరాలుగా దిగుతూ వస్తున్నాయి, నేనూ వాటినే పరీక్షకు ముందే రాసేసి ఉంచాను. మేడం ఆ ఇంగ్లీషును తెలుగు చేసి పైకి చదివింది. "ప్రయోగం ఆసక్తికరంగా ఉంది. నేను ప్రశాంతంగా, ఉత్సాహంగా పాల్గొన్నాను. అవునాండీ?"

మామయ్య నా వైపు చూశాడు. నాకు చెరుపు చేస్తానేమోనన్న భయమూ, సంతకమంటే భయమూ రెండూ ఆ చూపులో ఉన్నాయని నాకు ఇప్పుడు తెలుస్తోంది. "నేను గట్ల అనలే మేడం" అన్నాడు మెల్లిగా.

మరి మీకేమనిపించిందని ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. నన్ను రాయమంది.

"రాత్రి నిద్ర పట్టలే. పదోతరగతి మూడుసార్లు తప్పిన, గిప్పుడు గూడ గదే అయితదనుకున్న. ఈడ కూసున్నంక కాళ్ళు చల్లబడ్డయి. కార్డు చూస్తే రంగులున్నయి. నాకు వచ్చింది గదొక్కటే మేడం. గది గూడ తప్పు చెప్తే ఇంగ నా దగ్గర ఏం మిగలది. గందుకే ఎండల చూసొచ్చిన. టైము పెట్టిన్రని నాకెవరూ చెప్పలే."

చెప్పాను. వీలైనంత త్వరగా చెప్పాలని నేను చెప్పాను, ఇంగ్లీషులో, ఒక్క ఊపిరిలో. నేను రాసుకున్న రెండు వాక్యాలను కొట్టేసి, ఆయన మాటలను తెలుగులోనే కింద రాశాను. సంతకం పెట్టడానికి ఆయన జేబులోంచి పెన్ను తీస్తుంటే రెండూ కిందపడ్డాయి. మేడం వంగి అందించింది. సూచనలు సరిగా ఇవ్వనందుకు నాకు మార్కులు కోసింది, న్యాయంగానే కోసింది. ఫలితం దగ్గర ఏం రాయాలని అడిగితే, "మీ పట్టికకు అందలేదు, అదే రాయండి" అని పక్క బల్లకు వెళ్ళిపోయింది.

గేటు దాటాక మామయ్య అడిగాడు.

"ఏం తేలింది బుజ్జీ?"

"ఏమీ తేలలేదు మామయ్యా. నీ నంబరు ఆ పట్టికలో లేదు."

"అంటే తప్పలే?"

"తప్పలేదు."

కొంతదూరం నడిచాక నాంపల్లి మూల మీది ఇరానీ హోటల్లోకి తీసుకెళ్ళి, రెండు చాయ్‌లూ ఉస్మానియా బిస్కెట్లూ తెప్పించాడు. తెచ్చినతనికి, అతను అడక్కపోయినా, "పరీక్ష రాసొచ్చినం" అని చెప్పాడు. ఇద్దరినీ కలిపి చెప్పాడు. అమ్మకు నేను చెప్పలేదు. ఆయనే చెప్పుకున్నాడు, వారం రోజుల పాటు.

ఇప్పుడు మనుషుల్ని కూర్చోబెట్టి ప్రశ్నలడగడమే నా ఉద్యోగం. ఆ పంతొమ్మిదేళ్ళ పిల్ల గుర్తొస్తే కోపం రాదు. ఒకే ఇంట్లో పుట్టి పెరిగి, మామయ్య మనసులో ఏముందో తెలుసుకోవడానికి దానికి ఒక స్టాప్‌వాచీ, రెండు కార్డులు, ఊరికి కొత్తైన ఒక మేడం కావాల్సి వచ్చాయి. ఆ ఒక్క ప్రశ్నతో మామయ్య మొత్తం తెలిసిపోయాడని కూడా అనుకుంది పిచ్చిది. రెండో ప్రశ్నకు ఇంకో పదేళ్ళు పట్టింది. మొన్నామధ్య ఒక మధ్యాహ్నం ఊరికే షాపుకు వెళ్ళి, ఎలా ఉన్నావు మామయ్యా, నిజంగా చెప్పు అని అడిగాను. అరచేతిలో ఉల్లిపొర రంగు గుడ్డ పెట్టుకుని ఒకావిడతో మాట్లాడుతున్నాడాయన.

"జర ఆగు, గిరాకీ ఉంది" అన్నాడు.

స్టూలు లాక్కుని కూర్చున్నాను.