గోల్‌జ్యూకి పట్వారీ రాసిన రిపోర్టు

మా తాత అల్మోడా జిల్లాలో పుట్టాడు. మా నాన్న పిథౌరాగఢ్ జిల్లాలో పెళ్ళి చేసుకున్నాడు. నేను చంపావత్ జిల్లాలో ముసలివాణ్ణవుతున్నాను. ముగ్గురిదీ ఒకటే ఇల్లు, ఒకటే వాకిలి. జిల్లా మారినప్పుడల్లా ఒక పెయింటరు వచ్చి తహసీలు బోర్డు మీద పేరు మార్చి వెళ్ళేవాడు. ఇంకేమైనా మారిందా అంటే నాకు గుర్తు రావడం లేదు.

ఈ మూడు జిల్లాల్లోనూ మారనివాడు పట్వారీ. మైదానాల్లో పట్వారీ అంటే పొలాల లెక్క రాసేవాడు. మా కొండల్లో అతనే పోలీసు కూడా. గూర్ఖాలు పోయి కంపెనీ వాళ్ళు వచ్చాక, ఇక్కడి జనం ఇళ్ళకి తాళాలే వెయ్యరు, వీళ్ళకి వేరే పోలీసులు దండగ అని ఎవరో దొర తేల్చాడట. అప్పట్నుంచి పొలం కొలిచే చెయ్యే శవపంచనామా కూడా రాస్తుంది. తుపాకీ ఇవ్వలేదు, లాఠీ ఇవ్వలేదు. రేవాధర్ గహతోడీకి మాత్రం ఒక గొడుగు ఉండేది. అది సొంతది.

రేవాధర్ ఇరవై తొమ్మిదేళ్ళు మా పట్వారీ. కింద శారదా నది ఒడ్డున అరటి తోటలున్న ఊళ్ళ దగ్గర్నుంచి పైన దేవదారు చెట్లున్న గట్టు దాకా ముప్ఫై ఒక్క ఊళ్ళు అతని కింద ఉండేవి. అన్నీ నడకే. సన్నగా ఉంటాడు, వేసవిలో కూడా స్వెటర్ విప్పడు, ఏదడిగినా "చూద్దాం" అంటాడు. సర్కారు వారు ఒక జత బేడీలు ఇచ్చారు గానీ, వాటి తాళంచెవి అతనికంటే ముందున్న పట్వారీ హయాంలోనే పోయింది. వాటిని చావడి తలుపుకి గొళ్ళెంగా వాడుకునేవాడు.

మొత్తం సర్వీసులో తొమ్మిదిమందిని అరెస్టు చేశాడు, అందరినీ ముందే చెప్పి. ఒకడు పొలం గట్టు తగాదాలో తమ్ముణ్ణి కొడవలితో గీరాడు. "గోధుమ కోత అయిపోనీ, మంగళవారం పొద్దున్నే రా" అన్నాడు రేవాధర్. వాడు సోమవారమే వచ్చి నిలబడ్డాడు, మంగళవారం వాళ్ళ మేనకోడలి పెళ్ళని. చెప్పిన రోజుకి రాకుండా ఇష్టమొచ్చిన రోజున అరెస్టు కావడం ఏం పద్ధతని రేవాధర్ వాడికి చీవాట్లు పెట్టాడు.

ఇక నా సంగతి. నా పేరు పీతాంబర్. తహసీలు గేటు పక్కన రేకుల కింద కూచుని అర్జీలు రాస్తాను. సగం తహసీల్దారుకి, సగం గోల్‌జ్యూకి. గోల్‌జ్యూ మా న్యాయదేవుడు, తెల్లగుర్రం మీద తిరుగుతాడు. ఎక్కడా న్యాయం దొరకనివాళ్ళు స్టాంపు కాగితం మీద అర్జీ రాయించి, గుళ్ళో గట్టిగా చదివి, చదువు రాకపోతే నోటితో చెప్పుకుని, గంటల మధ్య కడతారు. పని జరిగితే ఒక గంట కడతారు. మా గట్టు మీది గుళ్ళో గంటలకంటే కాగితాలే ఎక్కువ, కాబట్టి అక్కడ కూడా పెండింగు ఉందనే అనుకోవాలి.

రెండు అర్జీలకీ కాగితం ఒకటే, వరస ఒకటే, "మహాప్రభో, సవినయంగా మనవి" అని. తేడా ఒక్కటే. తహసీల్దారుకి రాసేదాంట్లో కాస్త అబద్ధం కలపొచ్చు. గోల్‌జ్యూ ముందు అబద్ధం పెడితే పెట్టినవాడి కొంపకే తగులుతుంది. చదువు రానివాళ్ళు తారుమారు చేసుకోకుండా గోల్‌జ్యూ కాగితానికి ఒక మూల కుంకుమ బొట్టు పెడతాను. ముప్ఫై ఏళ్ళుగా ఇదే అలవాటు. ఒక్కసారి తప్పాను.

మే నెలాఖర్న సిమల్తా ఊరి ఖిమూలీ బోజ్యూ వచ్చింది. వదినగారిని మేము బోజ్యూ అంటాం. డెబ్భై ఏళ్ళ మనిషి, చదువు రాదు, మోకాళ్ళు రెండూ వాచి ఉన్నాయి.

"రెండు రాయి భులా. మొదటిది సర్కారుకి" అంది. తమ్ముడి వరసైన వాళ్ళందరూ ఆవిడకి భులాలే.

సర్కారుకి రాయించింది గోడ సంగతి. ఆవిడ ఇంటి కింద రాతి గుడి కట్టిన పాత ఊట ఉంది. ఆ ఊటకి దిగే దారిని నిరుడు బావగారి కొడుకు డుంగర్ సింగ్ గోడ కట్టి మూసేశాడు. పట్నం నుంచి వచ్చే అతిథులకి గదులు కట్టాడట, వాళ్ళకి ఏకాంతం కావాలట. ఇప్పుడావిడ కొండ చుట్టూ తిరిగి గంట నడిచి అవతలి ఊటనించి నీళ్ళు తెచ్చుకుంటోంది. ఆ ఊట జూన్‌లో ఎండిపోతుంది. తనకి సరే, గేదెకి నీళ్ళెక్కణ్ణుంచి తేవాలి? దాన్ని సంతలో బేరం పెట్టిందప్పటికే.

"ఇప్పుడు రెండోది. గోల్‌జ్యూకి."

ఆ రెండోది పట్వారీ మీద. ఇరవై రెండేళ్ళ కింద ఆవిడ భర్త పోయాక బావగారితో పొలాలు పంచుకున్నారు. కొలవడానికి రేవాధర్ వచ్చాడు. ఊట, దానికి దిగే దారి ఆవిడ వాటాలోవి. కాగితాల్లో మాత్రం బావగారి పేర పడ్డాయి. బావగారు బతికున్నన్నాళ్ళూ దారి వదిలాడు గనక గొడవ రాలేదు.

"ఇది కూడా సర్కారుకే రాయొచ్చుగా బోజ్యూ?" అన్నాను.

"పట్వారీ మీద రాస్తే విచారణకి ఎవరిని పంపుతారు?"

"పట్వారీని."

"మరి ఎందుకడుగుతావ్? అయినా వచ్చేనెల అతను దిగిపోతున్నాడు. అతని పెన్షను పోగొట్టి నేనేం చేసుకుంటాను? ఒక్కసారి నోటితో చెప్పమను. 'బోజ్యూ, ఆ రోజు నేను ఊట దాకా దిగలేదు' అని. అంతే రాయి."

అంతే రాశాను. రెండూ నాలుగు మడతలు పెట్టిచ్చాను. బొట్టు పెడదామంటే భరిణె ఖాళీ. కొట్టు రోడ్డుకి అవతలే ఉంది. ఎండగా ఉందని లేవలేదు.

వారం తిరక్కుండా రేవాధర్ గొడుగు చంకలో పెట్టుకుని నా ఎదుట కూచున్నాడు. ఒక కాగితం నా పీట మీద పరిచాడు.

"పీతాంబర్, ఈ దస్తూరీ నీదేనా?"

పైన నా అందమైన అక్షరాలు: 'న్యాయకారి శ్రీ గోల్‌జ్యూ మహారాజ్ వారి దర్బారుకి.' వాటి మీద తహసీలు ముద్ర, ఇన్వర్డు నంబరు నాలుగువందల పదిహేడు. పక్కన తహసీల్దారు చేతిరాత: 'పట్వారీ విచారించి ఏడు రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి.'

ఏం జరిగిందో అప్పుడర్థమైంది. దేవుడికి వెళ్ళాల్సింది తహసీలుకి, తహసీలుకి వెళ్ళాల్సింది గుడికి వెళ్ళాయి. ఇన్వర్డు గుమాస్తా ముద్ర వెయ్యడానికి చోటెక్కడుందో చూస్తాడు తప్ప రాతని చూడడు. తహసీల్దారేమో మైదానం మనిషి, వచ్చి నెల కాలేదు.

"ఆయన నన్ను పిలిచి అడిగారు, ఈ గోల్‌జ్యూ మహారాజ్ ఏ శాఖ అని" అన్నాడు రేవాధర్.

"నువ్వేమన్నావు?"

"న్యాయశాఖ అన్నాను."

"తప్పు నాదే దాజ్యూ. బొట్టు పెట్టలేదు" అన్నాను. మాకు దాజ్యూ అంటే అన్నగారు. నాకు నిజంగా సిగ్గేసింది. "ఇది మన ఆఫీసుకి సంబంధించింది కాదని రాసి తిప్పిపంపెయ్."

"అదే రాద్దామని కూచున్నా. కాదంటే 'స్థలం చూశాను, ఫిర్యాదులో నిజం లేదు' అని రాసెయ్యొచ్చు. అది నా చెయ్యి నిద్రలో కూడా రాస్తుంది. పైన ఆ పేరు చూశాను. చెయ్యి కదల్లేదు."

"ఇంతకీ నిజమేనా?"

రేవాధర్ గొడుగు తీసి పక్కన పెట్టాడు.

"ఆ రోజు వాన పడుతోంది. వాళ్ళ బావగారింట్లో భట్ పప్పు, వేడన్నం పెట్టారు. ఊటకి రెండొందల మెట్లు, అంతా పాచి. కొలిచే గొలుసు సంచీలోంచి తియ్యనే లేదు. ఆయన చెప్పాడు, నేను రాసుకున్నాను."

"ఏమైనా తీసుకున్నావా?"

"తీసుకునుంటే నయం, ఒక కారణం ఉండేది. పప్పు బాగుంది. అంతే."

జూన్ ముప్ఫైన అతని రిటైర్మెంటు. నిజం రాస్తే విచారణ మొదలవుతుంది, పెన్షను ఎన్నేళ్ళు ఆగుతుందో ఎవరికీ తెలీదు. ఆ సంగతి నేను చెప్పక్కర్లేదు. ఇలాంటి ఫైళ్ళు అతను చాలా మోశాడు.

మర్నాడు సిమల్తాకి బయల్దేరాడు. గొలుసుకి రెండో కొస పట్టుకోవడానికి నేనూ వెళ్ళాను, తప్పు నాది కూడా కనక. డుంగర్ గోడ మీద కూచుని మమ్మల్ని చూస్తూ బెల్లం కొరుక్కుంటూ టీ తాగుతున్నాడు. ఆ గోడ చుట్టూ తిరిగి, ముళ్ళ కంపలోంచి రేవాధర్ మెట్లు దిగాడు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి. మేం మూడుసార్లు కొలిచాం. మూడుసార్లూ ఊట, దారి ఖిమూలీ బోజ్యూ వైపే వచ్చాయి.

"ఏం కాకా, దిగిపోయే ముందు కొత్తగా కొలుస్తున్నారే!" అన్నాడు డుంగర్. వాడికి రేవాధర్ కాకా, బోజ్యూ కాకీ, అంటే బాబాయి, పిన్ని.

"పాత కొలత తప్పు."

"తప్పో ఒప్పో, కింద మీ సంతకమే ఉంది. మార్చాలంటే కోర్టుకి వెళ్ళమనండి కాకీని. నేనూ వస్తాను. ఇరవై ఏళ్ళు తిరుగుదాం. ఎవరి మోకాళ్ళు గట్టివో తేలుతుంది."

"చట్టం ప్రకారం నువ్వన్నది కరెక్టే" అన్నాడు రేవాధర్. నాకు డుంగర్ని లాగి ఒకటివ్వాలనిపించింది. గొలుసు చుట్టేసుకుని వచ్చేశాం.

రేవాధర్ రిపోర్టు రాశాడు. ఒకటిన్నర పేజీ. వాన, పప్పు, దిగకపోవడం అన్నీ వరసగా రాసి సంతకం పెట్టి తహసీలులో ఇచ్చాడు. నాలుగు రోజుల తర్వాత అది తిరిగొచ్చింది. ఈలోగా గోల్‌జ్యూ ఎవరో తహసీల్దారుకి ఎవరో చెప్పారు. 'అర్జీ ఈ కార్యాలయానికి ఉద్దేశించినది కాదు. ఫైలు మూసివేయడమైనది' అని రాసి, పట్వారీ కాగితాలు పట్వారీకే పంపేశాడు.

పెన్షను దక్కింది. నేను జిలేబీ తెప్పించాను. రేవాధర్ ముట్టుకోలేదు.

"ఆవిడ ఇంకా గంట నడుస్తోంది పీతాంబర్" అన్నాడు.

"ఇంక నువ్వేం చెయ్యగలవు దాజ్యూ?"

"గోడ అర్జీ గుళ్ళో పెండింగులో ఉందిగా. విచారణ అయిపోయింది. రిపోర్టు సంబంధిత కార్యాలయానికి పంపాలి."

నవ్వబోయి అతని మొహం చూసి మానేశాను. అప్పటికప్పుడు నా పీట మీదే రెండు నోటీసులు రాశాడు, వాది ఖిమూలీ దేవి, ప్రతివాది డుంగర్ సింగ్, జూన్ ఇరవై ఎనిమిదిన ఉదయం పది గంటలకి గట్టు మీది గుళ్ళో హాజరు కావాలని. అలాంటి నోటీసు ఇచ్చే అధికారం ఏ చట్టంలోనూ లేదు. సర్కారీ నోటీసైతే డుంగర్ దాంతో పొయ్యి రాజేసేవాడు. దీనికి మాత్రం పావుగంట ముందే వచ్చాడు, స్నానం చేసి.

ఆ రోజు గుళ్ళో ఇంకో పాతికమంది ఉన్నారు, ఎవరి అర్జీలతో వాళ్ళు. పూజారి సాయంతో రేవాధర్ గంటల మధ్య వెతికి 'శ్రీయుత తహసీల్దారు గారికి' అని మొదలయ్యే కాగితం పట్టుకున్నాడు. బోజ్యూ దాన్ని తిన్నగా దేవుడి ఎదురుగానే కట్టింది. గొడుగు గోడకి ఆనించి, చెప్పులు విడిచి, తన రిపోర్టు పైకి చదవడం మొదలుపెట్టాడు. సంతకాలకి పిలిచే గొంతుతోనే చదివాడు. 'బావగారింట భోజనం చేసి' అన్న దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. అతను ఆగలేదు. చివర్లో మాత్రం కాగితం దించి, ఖిమూలీ బోజ్యూ వైపు తిరిగాడు.

"బోజ్యూ, ఆ రోజు నేను ఊట దాకా దిగలేదు. చూడకుండానే రాశాను. తప్పు నాది."

రేవాధర్ రిపోర్టుని అర్జీతో కలిపి దారంతో కట్టేశాడు, ఫైలుకి ట్యాగు వేసినట్టు.

"ప్రతివాది చెప్పుకునేది ఏమైనా ఉందా?" అని డుంగర్ని అడిగాడు.

కోర్టయితే డుంగర్‌కి వకీలున్నాడు, వాయిదాలున్నాయి, పైకోర్టుంది. ఇక్కడ అవేవీ లేవు.

"గోడ రాళ్ళు మాత్రం నావి" అన్నాడు.

"రాళ్ళ గురించి అర్జీలో లేదు" అన్నాడు రేవాధర్.

మర్నాటికల్లా గోడ లేదు. కాగితాల్లో ఊట ఇప్పటికీ డుంగర్ పేరనే ఉంది. గేదె బోజ్యూ దగ్గరే ఉంది.

ముప్ఫయ్యో తారీఖున రేవాధర్ గొలుసు, గుడ్డ మీది పొలాల పటం, బేడీలు అప్పజెప్పి గేటు బయటికొచ్చాడు. మెళ్ళో బంతిపూల దండ, చంకలో గొడుగు. నా రేకుల కింద ఖిమూలీ బోజ్యూ పొద్దుట్నుంచీ కూచుని ఉంది, ఒళ్ళో మూతపెట్టిన ఇత్తడి చెంబుతో.

"తాగు" అంది.

రేవాధర్ చెప్పులు విడిచి, నిలబడే సగం తాగాడు. మా ఊళ్ళల్లో ఆ ఊట నీళ్ళకి పేరుంది.

"తియ్యగా ఉన్నాయి బోజ్యూ."

"ఆ రోజు దిగుంటే అప్పుడే తాగేవాడివి" అంది ఆవిడ.

ఇరవై తొమ్మిదేళ్ళలో ఎన్నో తిట్లు తిని, ఎన్నో శవాలు చూసి రెప్ప వెయ్యని మనిషి, తహసీలు గేటు ముందు స్వెటర్ చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత మిగతా సగం కూడా తాగేసి, ఖాళీ చెంబు ఆవిడ చేతిలో పెట్టి, చెప్పులు తొడుక్కున్నాడు.