నాడె పీల్చిన నోరు

మా మనుమరాలు కాలేజీ పుస్తకంలో తన వ్యాసం అచ్చయిందని తెచ్చి నా ఒళ్లో పెట్టింది. సైన్సు గదులూ ఆటస్థలమూ తనను ఎట్లా మనిషిని చేశాయో రాసింది. ప్రయోగాలు ఓపిక నేర్పాయట, పొద్దున్నే పరుగు ధైర్యం నేర్పిందట. మంచిగానే రాసింది. నేను వేలు పెట్టి చదివాను. మీసం మొలిచే ఈడులో అక్షరాలు నేర్చినవాణ్ని, వేలు పెట్టకపోతే ఇప్పటికీ వరస తప్పుతాను. చదివి, "గాజు గొట్టంతో మందు నీళ్లు పీలుస్తరు గదా, నోటితోనేనా?" అని అడిగాను. "ఛీ, నోరెవరు పెడ్తరు తాతా? రబ్బరు బుడ్డి ఉంటది" అని నవ్వింది. దానికి నవ్వు రావడంలో తప్పు లేదు. నాకు మాత్రం నాలుక కుడిపక్క మంట లేచినట్టయింది. ఆ పక్కన ఏ రుచీ తెలియక ఎంతో కాలమైంది. కూరలో ఉప్పు సరిపోయిందా అని మా ఇంట్లో నన్నెవరూ అడగరు.

మాది గద్వాల చీరలు నేసే ఇల్లు. నా చిన్నప్పుడే మా నాయన మగ్గం విప్పి బండికెత్తుకుని వనపర్తి దిక్కున ఒక ఊరికి వచ్చాడు. ఆ ఊరి పేరు చెప్పను, చెబితే అక్కడివాళ్లు కొట్లాటకు వస్తారు. నిజాం ఏలుతున్న రోజులు. ఆ ఊళ్లో ఒక దొర ముచ్చటపడి బడి కట్టించాడు, అందులో ఒక గదికి గాజు సామాను తెప్పించి దానికి సైన్సు గది అని పేరు పెట్టాడు. ఆ గదికి తాళం, తాళానికి ఒక సారు. అమ్మ లేని ఇల్లు మాది. నాయన, నేను, చెల్లె. నాయనకు అప్పటికే ముందరి పళ్లన్నీ ఊడిపోయాయి. మగ్గంలో అడ్డం దారం మోసుకుని అటూ ఇటూ పరుగెత్తే నాడెను మీరు చూసే ఉంటారు. దాని కడుపులో దారం చుట్టిన కండె పెడతారు. ఆ దారం కొస నాడెకున్న సన్నని కంట్లోంచి బయటికి రావాలంటే, కంటికి పెదాలు ఆనించి ఒక్క గుంజు గుంజాలి. మెల్లగా పీలిస్తే రాదు. గుంజితే దారం వచ్చి నాలుక మీద వాలుతుంది. కండె అయిపోయినప్పుడల్లా ఇదే పని. పళ్లు లేని నోటికి పట్టు దొరకదు కాబట్టి మా ఇంటి మగ్గం నా నోటి మీద నడిచేది.

నన్ను బడికి పంపమని కొత్తకోట నుంచి మా మేనమామ వచ్చి నాయనతో కొట్లాడాడు. నాయన చివరికి ఒక షరతు పెట్టాడు: "వాన్ని సైన్సు గదిల కూసోనిస్తే సదవనీ. సారు ఎల్లగొట్టిండో, మల్ల బడి ముచ్చటెత్తొద్దు. సచ్చేదాంక గుంతలనే ఉండాలె." గుంత అంటే మగ్గం కింద కాళ్లు దించి కూర్చునే గుంత. పొద్దుటి పూట బడి, తిరిగొచ్చాక గుంత, అట్లా నడిచింది. నాలుగు అక్షరాలు పట్టుబడగానే పెద్దసారు నా ఒడ్డూ పొడుగూ చూసి పై తరగతిలోకి నెట్టాడు, చిన్నపిల్లల మధ్య కూర్చుంటే వాళ్లకు నల్లబల్ల కనబడటం లేదని. తరగతిలో నా పేరు తాత. సైన్సు సారుకు నేను మొదటిరోజే నచ్చలేదు. "గాజు పగిలిందంటే పేరు కొట్టేస్త, యాదుంచుకో" అన్నాడు. మిగతా పిల్లలకు ఆ మాట చెప్పలేదు.

కసరత్తు ఉస్తాదు ఇంకో రకం. పల్టనులో చేసి వచ్చినవాడు. గుంతలో ముడుచుకుని పెరిగిన ఒళ్లు నాది. వీపు గూను, ఛాతీ లోపలికి, కాళ్లు పుల్లలు. "అరే కొంగా! సీనా ముందుకు! చేప కోసం చూస్తున్నవా కింద?" అని బెత్తంతో వెన్నుపూస మీద ఒక్కొక్క ఎముకనూ తట్టేవాడు. పిల్లలు కొంగలాగా ఒంటికాలి మీద నిలబడి చూపించేవాళ్లు. నాకూ నవ్వొచ్చేది. మనల్ని చూసి పదిమంది నవ్వుతున్నప్పుడు పదకొండోవాడిగా కలిసిపోవడం మంచి ఉపాయం, దెబ్బ తగలదని కాదు గానీ కొట్టేవాడికి కొంచెం చప్పగా ఉంటుంది.

ఇంట్లో చెల్లె కండెలు చుట్టేది. నేను నేర్చుకొచ్చిన అక్షరం నా కంటే ముందు దానికి వచ్చేది. దారానికి పట్టించే గంజిలో వేలు ముంచి బండ మీద రాసేది, ఆరితే తెల్లగా నిలిచేది. "అన్నా, నీ అచ్చరం కాళ్లిరిగినట్టున్నది, నాది సూడు" అని ఎక్కిరించేది. వచ్చే ఏడు నన్నూ పంపు నాయినా అని అడిగితే నాయన కాదనలేదు. ఔననీ అనలేదు.

సైన్సు సారు ఒకసారి పెండ్లాం చీర కోసం మా ఇంటికి వచ్చాడు. నేను నాడె పీలుస్తుంటే నిలబడి చూశాడు. "ముద్దు పెట్టుకుంటున్నవారా కట్టెకు?" అని నవ్వి, ఇంకోసారి చెయ్యమని చేయించుకుని మరీ చూశాడు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదాన్ని ఆయన తెలియక చేశాడని అనేవాళ్లు ఊళ్లో ఉన్నారు కాబట్టి.

ఆ తర్వాత కొద్దిరోజులకే గాజు గొట్టం పాఠం వచ్చింది. నడుమ ఉబ్బిన సన్నని గొట్టం. ఒక కొస గిన్నెలోని మందులో ముంచి రెండో కొస నోట్లో పెట్టుకుని, గీత దాకా మెల్లగా పీల్చి, చప్పున వేలితో మూయాలి. గిన్నెలో ఉన్నది కాస్టిక్ సోడా నీళ్లు. తరగతిలో చురుకైనవాళ్లు చాలామంది ఉండగా సారు నన్ను పిలిచాడు. "రా తాతా. నీ మూతి దీనికోసమే పుట్టింది. నాడె పీల్చినట్టు పీల్చు." నన్ను పేరు పెట్టి కాకపోయినా ఒక పనికి పిలవడం అదే మొదలు. నాకు ఎంత సంబరమైందో చెప్పలేను. పెదాలు ఆనించి, నాకు వచ్చిన ఒక్క విద్యనూ చూపించాను. గుంజాను.

దారం వాలే చోటికే ఆ నీళ్లు వచ్చి వాలాయి. మొదట జారుడుగా, సబ్బులాగా ఉంది, తర్వాత నిప్పు. అరవడానికి నోరు తెరిచాను గానీ చెయ్యి తెరవలేదు. గాజు పగిలితే పేరు పోతుంది, పేరు పోతే గుంత. అంత మంటలోనూ ఆ గొట్టాన్ని తీసుకుపోయి దాని చెక్క గూట్లో నిలబెట్టాను. అప్పుడు కింద కూర్చున్నాను. సారు నా గడ్డం పట్టి నోరు తెరిపించి, ఎర్ర కాగితం ముక్క ఒకటి నాలుక మీద పెట్టాడు. పిల్లలందరినీ దగ్గరికి పిలిచాడు. "సూడుండ్రి, ఏ రంగుకు తిరుగుతదో." కాగితం నీలమైంది. "నీలం! నీలం!" అని పిల్లలు చప్పట్లు కొట్టారు. పాఠం అంత బాగా ఇంకెప్పుడూ అర్థం కాలేదు వాళ్లకు. అది అయిన తర్వాతే నీళ్లు పుక్కిలించడానికి నన్ను పోనిచ్చాడు. గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూసుకుని, "పగుల్లేదు. పేరుంటది పో" అన్నాడు.

నాయన నా నోరు చూసి సారును ఒక్క మాట అనలేదు. మగ్గం వైపు చూశాడు. దాని మీద పెళ్లి చీర సగంలో ఉంది. "నాడె పీల్చరానోడు సాలోని ఇంట్ల దేనికిర? పో, బడికే పో" అన్నాడు. చెల్లె నాకు ఉగ్గుగిన్నెతో మజ్జిగ పోస్తూ, "మీసాలొచ్చిన బాలెంత బిడ్డ" అని నవ్వుతోంది. నాయన దాని గడ్డం పట్టుకుని దీపం దగ్గరికి తిప్పి పళ్లు చూశాడు, సంతలో దూడకు చూసినట్టు. పాలపళ్లు పోయి కొత్తవి గట్టిగా వచ్చి ఉన్నాయి. "దిగు బిడ్డా" అన్నాడు. దాని కాళ్లు గుంతలో తొక్కే కట్టెలకు అందలేదు. నాయన ఆ కట్టెలకు చెక్కముక్కలు కట్టి ఎత్తు చేశాడు. మరుసటిరోజు బండ మీద గంజి అక్షరాలను తడిగుడ్డతో తుడిచేశాడు, కాలు జారుతుందని.

నా నోరు మానింది. మానినా నాలుక మొద్దుబారి, దారం వాలితే తెలిసేది కాదు. నాయన రెండుసార్లు కూర్చోబెట్టి చూసి విసుక్కుని లేపేశాడు. అప్పటికి చెల్లె చేయి తిరిగింది, నా కంటే తొందరగా నేసేది. అది తొందరగా నేర్చుకోవడమే దాని పాపం. నేను ఉస్తాదు దగ్గర నోరు మూసుకుని పరుగెత్తాను, తెరిస్తే గాలి తగిలి మండేది. "శాబాష్, నోరు మూసుకుని పరుగెత్తెటోడే పహిల్వాను!" అని ఉస్తాదు మొదటిసారి మెచ్చుకున్నాడు. దండాలు, బస్కీలు, పరుగు. గుంతకు దూరమైన ఒళ్లు సాగడం మొదలుపెట్టింది. బడి ముగిసేనాటికి వీపు నిటారైంది, ఛాతీ ముందుకొచ్చింది. నాగర్‌కర్నూల్ దవాఖానలో కాంపౌండరు పని దొరికింది. సీసాల్లో మందు కొలిచి పోసే పని. ఒక్క చుక్క అటూ ఇటూ పోనిచ్చేవాణ్ని కాదు. అందరూ సైన్సు సారు పుణ్యమన్నారు.

చెల్లెను నేతగానికే ఇచ్చారు. ఒక గుంతలోంచి లేచి ఇంకో గుంతలోకి దిగింది. పెద్దయ్యాక ఒకసారి నన్ను చూడటానికి వచ్చి, నా తెల్లచొక్కా, నా నిలబడటం కిందినుంచి పైదాకా చూసింది. అప్పటికే అది పైకి చూడాలంటే మెడ పక్కకు తిప్పాల్సి వచ్చేది. "నీ నోరు కాలింది, నువ్వు సదివినవ్ అన్నా. నా నోరు మంచిగుండె, నేసిన" అంది. కోపంగా అనలేదు, చీర ధర చెప్పినట్టు చెప్పింది. చాయ్ తాగి పోయింది.

అది పోయినప్పుడు పాడె మీద వెల్లకిలా పడుకోబెట్టబోతే వీపు ఆనలేదు. తల లేచి, మగ్గం మీదికి వంగినట్టే నిలిచింది. ఎవరో అదిమి చూస్తామన్నారు, నేను వద్దన్నాను. పక్కకు తిప్పి పడుకోబెట్టాం. పాడె ముందు కొమ్ము నేను పట్టాను. ఆ ఈడులో కూడా వీపు వంచకుండా దారంతా మోశానని చూసినవాళ్లు మెచ్చుకున్నారు. కాలం అన్నిటినీ మాన్పుతుందని నాతో ఎంతోమంది అన్నారు. ఆ కాలం వంచినదాన్ని భుజం మీద మోసిన తర్వాత, ఆ మాటకు నేను తల ఊపడం మానేశాను.