కరెంటు పోయినప్పటి పాటలు

మా రాక్ బ్యాండులో మనుషులు నలుగురు, ఆంప్లిఫయరు ఒకటి. ఎనిమిదో తరగతితో బడికి దణ్ణం పెట్టిన నాకు డ్రమ్ములు అప్పగించారు. లెక్కలు రానివాడికి తాళం అప్పగించడం వాళ్ళ ధైర్యం. అమలాపురంలో ఒక కురిడీ కొబ్బరి కొట్టు వెనక గదిలో సాధన. తొంభైల చివరి మాట. మా పాట ఒక్కటీ బయటికి రాలేదు.

అలాంటిది, మా గిటారువాడు కొత్తపేటలో పెళ్ళిచూపులకు వెళ్ళి, "ఆల్బం చేసేమండి" అని కోతలు కోసి వచ్చాడు. అమ్మాయి ఊరుకుంటుందా? "అయితే ఓ కేసెట్టు పంపండి. విన్నాక చెప్తాను" అందట. వాడికి ఆ అమ్మాయి ఎంత నచ్చిందంటే, నేను వెక్కిరిస్తే తిరిగి తిట్టడం కూడా మానేశాడు.

"ఇప్పుడెలాగరా?" అన్నాడు ఏడుపుమొహంతో.

"ఎలాగేముంది! విడుదల కాని పాటలన్నీ ఏరి కేసెట్టు చేద్దాం. మనకున్నవన్నీ అవేగా!"

సాధన చేసినప్పుడల్లా టేపు రికార్డరు నొక్కి పెట్టేవాళ్ళం. అది బ్యాటరీలది, కరెంటు పోయినా తిరుగుతూనే ఉండేది. కరెంటు పోతే వాడు మామూలు గిటారు అందుకునేవాడు. దాని గొంతు వినబడాలని నేను డ్రమ్ములు వదిలి ఖాళీ డబ్బా మీద చేత్తో వాయించేవాణ్ణి. ఇలాంటి వాటిని ఎకౌస్టిక్ పాటలంటారని మా పాటగాడు ఎక్కడో చదివొచ్చి చెప్పాడు. దాంతో కరెంటు కోతకు కూడా గౌరవం వచ్చింది.

ఏరితే తొమ్మిది పాటలు తేలాయి. ఆరు కరెంటు లేనివే. ఒక టేపులోంచి ఇంకో టేపులోకి ఎక్కించే పని నాది. పాట అవగానే ఆపాలి. నాలుగో పాట మధ్యలో నేను టీకి వెళ్ళాను. వచ్చేసరికి ఇంకా తిరుగుతోంది. పరవాలేదులే అనుకుని మిగతావి ఎక్కించి, కొత్తపేట పంపేశాను.

ఆ నాలుగోది పెళ్ళిచూపుల మర్నాటి పాట. పంపేశాక అసలు టేపు వేసి వింటే, పాట చివర మా మాటలు!

"ఆ అమ్మాయికి అబద్ధం చెప్పేనురా. ఆల్బమూ లేదు, గిల్బమూ లేదు. నిజం చెప్తే కాదంటుందేమోనని భయం."

"అనదులే. నీ మొహం చూసేక కూడా కేసెట్టు అడిగిందంటే గుండె గల పిల్లే!" రెండోది నా గొంతు, వెనకాల నా డబ్బా దరువుతో సహా.

పక్కనే విన్న గిటారువాడు నన్ను కొట్టలేదు. గోనెబస్తా మీద కూలబడ్డాడు. కొట్టినా బావుండేది.

వారానికి పెళ్ళిళ్ళ పేరయ్యగారు కేసెట్టు తిరిగి తెచ్చారు. "ఆయ్, రెండో వైపు వినమందండి అమ్మాయి" అని ఇచ్చి వెళ్ళారు. మేం ఖాళీగా పంపిన వైపు అది. వేశాం. ఆడగొంతు, వెనకాల కుక్కరు ఈల.

"ఆల్బం లేదని ఆ రోజే తెలిసిందండి. చెప్పేటప్పుడు కాఫీ గ్లాసులోకి చూసేరు. కరెంటుతో వాయించిన మూడూ గోలగా ఉన్నాయండి. మిగతావి బావున్నాయి. డబ్బా వాయించినాయన్ని కాస్త తక్కువ మాట్లాడమనండి. పెళ్ళికి జనరేటరు పెట్టించొద్దని నాన్నగారితో చెప్పేను."

టేపు ఆగింది.

"అంటే ఏంటిరా?" అన్నాడు వాడు.

"జనరేటరు వద్దందిరా."

"అది కాదెహె, నేనో?"

"నువ్వూ వద్దయితే జనరేటరు ఊసెందుకురా, వెర్రిమొహమా!"

వాడు టేపు వెనక్కి తిప్పాడు. నన్ను తక్కువ మాట్లాడమన్న ముక్క దగ్గర ఆపి, మూడుసార్లు వినిపించాడు.